వెచ్చని గోమేధికం

2004 ఆగస్టులో నన్ను అనకాపల్లి నుంచి శ్రీకాకుళం జిల్లాకు బదిలీ చేశారు. పలాసకూ టెక్కలికీ నడుమ, జాతీయ రహదారికి కాస్త లోపలగా ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం లెక్చరర్‌గా చేరాను. ఉత్తర్వు చూసిన సహోద్యోగులు 'అయ్యో' అన్నారు. మా తెనాలి వైపు బంధువులు పలాస పేరు వినగానే జీడిపప్పు పంపమన్నారు. నేను వెళ్ళింది మాత్రం పాఠం చెప్పడానికి, వీలైతే సగంలో ఉన్న నా పరిశోధన పూర్తి చేసుకోవడానికి.

మా శాఖలో ఇద్దరమే. శాఖాధిపతిని నేను, శాఖలోని అధ్యాపకులందరూ కూడా నేనే. రెండో మనిషి లేబ్ అటెండర్ సింహాచలం. అటెండరంటే పరికరాలు తుడిచి బల్లల మీద సర్ది, ప్రయోగం అయ్యాక మళ్ళీ బీరువాలో పెట్టే ఉద్యోగి. హోదాలో అతనికి దిగువన ఎవరూ లేరు. అయితే ఏ తాళంచెవి ఏ బీరువాదో అతనికి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ప్రిన్సిపాల్ గారు కూడా అతనితో మర్యాదగానే మాట్లాడేవారు. మొదటిరోజు నేను "స్క్రూగేజీలు ఎక్కడున్నాయండీ?" అని అడిగితే ముసిముసిగా నవ్వాడు.

"మీ బాస పేపర్ల సదివినట్టుంటాది మేడమ్. ఇనడానికి బాగున్నాది," అన్నాడు. గేజీల సంగతి చెప్పలేదు.

నా పరిశోధన విషయం కొంత చెప్పాలి. ఉద్యోగం చేసుకుంటూనే విశాఖపట్నంలోని గైడు దగ్గర పీహెచ్‌డీకి నమోదై ఉన్నాను. పెరోవ్‌స్కైట్ అన్నది మొదట ఒక ఖనిజం పేరు. దాని లోపల పరమాణువులు కూర్చున్న తీరే మరెన్నో పదార్థాల్లో కనబడేసరికి ఆ పేరు అందరికీ ఇంటిపేరైపోయింది. ఆ ఇంట్లో రకరకాలవాళ్ళున్నారు. నేను పట్టుకున్న రకంలో సీసం, బ్రోమిన్ కలిసి గదులు కడతాయి. ఒక్కో గదిలో ఒక చిన్న సేంద్రియ అణువు కాపురం ఉంటుంది. కరెంటు ఇస్తే వెలుగివ్వడం, వెలుగు పడితే కరెంటివ్వడం ఈ రకానికి చేతనవునని అప్పటికే కొందరు గమనించారు. ఇప్పుడు ప్రపంచమంతా దాని వెంట పడింది గాని, ఆ రోజుల్లో అదొక మారుమూల విషయం. కాబట్టే నాలాంటి మారుమూల లెక్చరర్‌కు దక్కింది.

నా ప్రశ్న వెలుగు గురించి కాదు, వేడి గురించి. వెలుగిచ్చే పరికరం ఏదైనా వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే పరికరం తనను తానే పాడుచేసుకుంటుంది. ఘనపదార్థంలో వేడి ఎలా నడుస్తుందో పిల్లలకు నేను బస్సు ఉదాహరణతో చెప్పేదాన్ని. కిక్కిరిసిన బస్సులో కండక్టరు ఇచ్చిన టికెట్టు చేతులు మారుతూ వెనక సీటు దాకా వస్తుంది కదా. మధ్యలోవాళ్ళు కుదురుగా నిలబడితే చటుక్కున చేరుతుంది. ప్రతివాళ్ళూ ఊగుతూ, వెనక్కి తిరిగి కబుర్లు చెబుతూ ఉంటే ఎక్కడో ఆగిపోతుంది. వజ్రంలో ఉన్నవాళ్ళు కుదురైన ప్రయాణికులు. నా స్ఫటికంలో గదిగదికీ ఒక అణువు బొంగరంలా తిరుగుతుంటుంది, గది గోడలు కూడా మెత్తగా ఊగుతుంటాయి. అందువల్ల వేడి అందులో చాలా మెల్లగా నడవాలి. ఎంత మెల్లగా అన్నది కొలిచి చూపడమే నా థీసిస్.

కొలవాలంటే ముందు స్ఫటికాన్ని పెంచాలి. పదార్థాన్ని ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణంలో ఒక చిన్న విత్తన స్ఫటికాన్ని నైలాన్ దారంతో వేలాడదీయాలి. ఉష్ణోగ్రత మారకూడదు. గాలిలో తడి ఉండకూడదు. అలా నెలల తరబడి ఉంచితే విత్తనం చుట్టూ పొర మీద పొర కడుతుంది. గాలిలో తడి ఉండకూడదన్న షరతు రాసినవాళ్ళు మేమున్న ఉద్దానం తీరం చూసి ఉండరు. నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా వీచే గాలికి మా స్టాఫ్‌రూములో ఉప్పును కూడా స్పూనుతో తవ్వుకోవాల్సి వచ్చేది. స్టోర్‌రూములో ఒక థర్మోకోల్ పెట్టె, లోపల ఒక బల్బు, కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక లారీ బ్యాటరీ పెట్టుకుని తంటాలు పడ్డాను.

నా అవస్థ చూసి సింహాచలం ఒక ఉపాయం చెప్పాడు.

"కాశీబుగ్గల మాకు తెల్సిన పేక్టరీ ఉన్నాది మేడమ్. జీడిపప్పు ఆరబెట్టే గది. ఏడికి ఏడి, పొడికి పొడి. అందుల ఎట్టేద్దుమా?"

"ఇందులో సీసం ఉంది సింహాచలం. కడుపులోకి వెళితే విషం. తినే వస్తువుల దగ్గరికి పోనివ్వకూడదు," అన్నాను.

అలాగేనని తలూపాడు. తినకూడదన్న మాట అతనిలో గట్టిగా నాటుకుంది. ఆ ఒక్క మాటే నాటుకుందని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు వానలు తగ్గాక నా కష్టం ఫలించింది. చక్కని నారింజరంగులో, దీపం ముందు పెడితే లోపల నిప్పు ఉన్నట్టు కనిపించే స్ఫటికాలు రెండు తయారయ్యాయి. ఒకటి పెద్ద ఉసిరికాయంత, రెండోది అందులో సగం. చిన్నాచితకా ముక్కలు మరికొన్ని. వేడిని కొలిచే పరికరం బెంగళూరులోని ఒక పరిశోధనాలయంలో ఉంది. సంక్రాంతి తర్వాత వారం రోజులు దాన్ని మాకు కేటాయించారు. పెద్దదాన్ని కోసి కొలవాలని, ఏదైనా జరిగితే రెండోదాన్ని వాడాలని మా గైడు నిర్ణయించారు.

కళాశాలలో మాత్రం వాటికి వేరే పేరు స్థిరపడింది. రంగు చూసి తెలుగు లెక్చరర్ గోమేధికమన్నారు. మర్నాటికి నేను గోమేధికాలు పండిస్తున్నానన్న వార్త ఆటోస్టాండు దాకా పోయింది. ప్రిన్సిపాల్ గారు తమ గదికి పిలిపించుకుని, తమకు రాహుదశ నడుస్తోందని, పదోన్నతి ఫైలు హైదరాబాదులో ఎక్కడో ఆగిపోయిందని, ఒక చిన్న ముక్క ఉంటే బాగుంటుందని సంకోచిస్తూనే అడిగారు. అది రత్నం కాదని, నీళ్ళు తగిలితే పాడైపోయే సీసపు లవణమని చెప్పాను. ఆయన పూర్తిగా నమ్మలేదు. ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు చెప్పే మాటలాగే ఉందది, ఆయన్ని తప్పుపట్టను.

నవంబరులో ఒక ఉదయం పెట్టె తెరిచి చూస్తే రెండో స్ఫటికం లేదు.

వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన స్టాక్ రిజిస్టరు తెప్పించి, కళ్ళజోడు సవరించుకుని, భౌతికశాస్త్ర విభాగం పేజీలన్నీ తిప్పారు. "ఇందులో నమోదు కాని వస్తువు కళాశాలలో లేనట్టే లెక్క మేడమ్. లేని వస్తువు పోవడం నిబంధనల ప్రకారం కుదరదు," అన్నారు. అంటూనే నా ముఖంలోకి పరీక్షగా చూశారు, నేను తమను అనుమానిస్తున్నానేమోనని. నిజం చెప్పాలంటే కొద్దిగా అనుమానించాను.

స్టోర్‌రూముకు తిరిగి వచ్చేసరికి సింహాచలం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను అడగకముందే చెప్పేశాడు.

"నానే తీసినాను మేడమ్. మా బావకిచ్చినాను."

బావ అంటే అతని అక్క పార్వతి భర్త, బైరాగి. కంచిలి అవతల ఒక ఊళ్ళో కొబ్బరితోట, కాస్త జీడితోట ఉన్న రైతు. ఉద్దానం ఊళ్ళలో అప్పటికే కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. ఎందుకొస్తోందో ఎవరూ తేల్చి చెప్పలేకపోతున్నారు. బైరాగికి కూడా అదే పట్టుకుంది. కాళ్ళు వాచి, అన్నం సయించక మనిషి సగమయ్యాడు. జాతకం చూసినాయన గోమేధికం పెట్టుకోమన్నాడట. కొనే తాహతు లేదు. సింహాచలానికి పెట్టెలో రెండు కనిపించాయి.

"సీసం ఉందని, విషమని నీకు చెప్పానా లేదా?"

"తినకూడదన్నారు గదా మేడమ్. తిననేదు. ఏలికెట్టుకున్నాడు," అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. నేను చెప్పిన నియమాన్ని అక్షరాలా పాటించానన్న నమ్మకం ఉంది.

నాకు కోపం కంటే భయం ఎక్కువైంది. వేలికి పెట్టుకున్నవాడు ఆ వేళ్ళతోనే అన్నం కలుపుకుంటాడు. తడి తగిలినకొద్దీ స్ఫటికం విడిపోయి సీసం బయటికి వస్తుంది. సీసం మిగతా ఒంటికి ఎంత చెరుపో మూత్రపిండాలకు అంతకు రెట్టింపు. మంచి కిడ్నీలున్నవాళ్ళే దాని జోలికి పోకూడదు.

ఆ ఆదివారమే ఇద్దరం కంచిలి బస్సెక్కాం. చిన్న ముక్కలు నాలుగైదు సీసాలో వేసుకుని, చేతి తొడుగులు పట్టుకుని బయల్దేరాను. కంచిలిలో దిగి, జీడితోటల మధ్య ఇసుకదారిలో ఆటోలో చాలాసేపు పోతే ఊరు వచ్చింది.

బైరాగి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు పొడవాటి, బలమైన మనిషై ఉంటాడు. ముఖం ఉబ్బి ఉన్నా కళ్ళు మాత్రం చురుకు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను.

"రండమ్మ, రండి. రాళ్ళు పండించే మేడమ్ గోరు మీరేనా? మాకు జీడిమామిడే సరిగ పండతనేదు. ఆ ఎరువేదో మాకూ కాసింత సెప్పండి," అన్నాడు.

ఉంగరం చూపించమన్నాను. కంసాలి లక్కతో కుదురుగా బిగించాడు. నెలల తరబడి నేను కాపలా కాసిన స్ఫటికం ఆయన వేలికి నాకంటే దర్జాగా కూర్చుని ఉంది. అంచుల వెంట అప్పుడే సున్నం పూసినట్టు తెల్లబడటం మొదలైంది.

"ఇదిగో, ఇలా తెల్లబడుతోందంటే తడికి విడిపోతోందన్నమాట. ఇది రత్నం కాదండీ. దయచేసి తీసేయండి," అన్నాను.

"తెల్లబడతంది గదా? అదేనమ్మా నానూ సెప్తన్నాను," అన్నాడు ఉత్సాహంగా. "నా ఒంట్లో ఇషం అది పీల్సేత్తంది. అందుకే దాని రంగు మారతంది. పార్వతీ, నానన్నానా నేదా?"

పార్వతి 'అన్నావు' అని తలూపింది. తలూపుతూనే నా వైపు చూసింది. ఆమెకు అంత నమ్మకమున్నట్టు నాకనిపించలేదు.

బైరాగి దగ్గర ఇంకో రుజువు కూడా ఉంది. కంసాలి రాయిని చెంపకు ఆనించి చూశాడట. మామూలుగా రత్నాలు చెంపకు చల్లగా తగులుతాయి. గాజుపెంకులను వేరు చేయడానికి వాళ్ళు పట్టే పరీక్షల్లో అదొకటి. ఈ రాయి చల్లగా లేదు. అది చూసి కంసాలి ఇది రాయి కాదని చెప్పి ఉంటే నా పని తేలికయ్యేది. అతను ఇందులో ప్రాణముందన్నాడు.

"ఎచ్చగా ఉంటాదమ్మా, కోడిగుడ్డునాగ. పేనం నేకపోతే ఏడెక్కడిది?" అన్నాడు బైరాగి.

నా థీసిస్‌లోని అసలు విషయం అదే. ఏళ్ళ తరబడి నేను కొలవడానికి తంటాలు పడుతున్న దాన్ని కంసాలి చెంపతో కొలిచేశాడు. అర్థం మాత్రం తలకిందులుగా తీశాడు. ఓపిగ్గా చెప్పాను. చల్లగా అనిపించే రాయి నిజానికి చల్లనిది కాదని, మన చేతిలోని వేడిని గబగబా లాక్కుంటుంది కాబట్టి అలా అనిపిస్తుందని, ఈ స్ఫటికంలో వేడి నడవలేదు కాబట్టి మన వేడి మన దగ్గరే ఉండిపోతుందని వివరించాను. బైరాగి శ్రద్ధగా విన్నాడు.

"అంటే మిగతా రాళ్ళు నా ఏడి దొబ్బేత్తాయి. ఇది నా ఏడి నాకే ఉంచేత్తది. మంచి రాయే గదమ్మా మరి!"

సింహాచలం నవ్వాపుకోలేక అటు తిరిగాడు. క్లాసులో ఇంత చక్కగా నా మాటను నాకే తిప్పికొట్టిన విద్యార్థి లేడు.

తెచ్చిన చిన్న ముక్కలను గాజుగ్లాసులో వేసి నీళ్ళు పోశాను. చూస్తుండగానే నారింజరంగు పోయి తెల్లటి పొడి అడుగున చేరింది. చుట్టూ చేరిన ఇరుగుపొరుగు గుసగుసలాడారు. బైరాగి గ్లాసు వంక చాలాసేపు చూసి తల అడ్డంగా తిప్పాడు.

"అయి పిందెలమ్మా. పిందికి వగరుంటాది. పిందిని కొరికి పండు రుసి సెప్తే ఎలగ? మీ కాడ పెద్దదున్నాదంట గదా, ముదిరినాది. మావోడు సెప్పినాడు. దాన్నేసి సూపించండి. అది కూడా ఇలగైపోతే నానే తీసిచ్చేత్తాను, మీరడగనక్కర్నేదు. అవనేదనుకో, ఇంక నా జోలికి రావద్దు."

ఉంగరంలోదాన్నే నీళ్ళలో వేద్దామన్నాను. ఒప్పుకోలేదు. పోతే మళ్ళీ ఎవరిస్తారన్నాడు. ఆ మాటలో పరిహాసం లేదు.

బయటికి వచ్చాక పార్వతి ఆటో దాకా వెంట నడిచింది. "ఉంగరమెట్టుకున్నకాడ్నించి ఆస్పత్రికెల్లడం మానేసినాడమ్మా. మందులూ మింగతనేడు. రాయి సూసుకుంటదంటన్నాడు. నా మాట ఇనడు. మీ మాటైనా ఇంటాడేటోనని సూసినాను," అంది. అప్పటిదాకా ఉంగరంలోని సీసం గురించే ఆలోచిస్తున్నాను. అసలు చెరుపు అది కాదని అప్పుడర్థమైంది.

ఆ సాయంత్రం గైడుకు ఫోన్ చేశాను. ఆయన మంచివారే గాని శాస్త్రం విషయంలో జాలి ఎరగనివారు. వైద్యుడి పని లెక్చరర్ చేయకూడదని, పోలీసులకో ఆస్పత్రికో చెప్పి చేతులు దులుపుకోవాలని, పెద్ద స్ఫటికాన్ని ముట్టుకుంటే బెంగళూరు అవకాశం పోతుందని, మళ్ళీ పెంచాలంటే ఏడాది పడుతుందని, ఏడాది తర్వాత నా నమోదు గడువు ఉంటుందో లేదో చూసుకోమని వరసగా చెప్పారు. ప్రతి మాటా నిజమే. పోలీసులు వెళ్ళి రోగి వేలి ఉంగరం ఊడదీస్తే ఆయన మర్నాడు ఇంకో రాయి వెతుక్కుంటాడు తప్ప ఆస్పత్రికి వెళ్ళడు. అది మాత్రం గైడుకు చెప్పలేదు. ఆలోచిస్తానని చెప్పి పెట్టేశాను.

వారం రోజులు ఆలోచించాను. పెట్టె తెరవడం, స్ఫటికాన్ని చూడడం, మూసేయడం. సింహాచలం నా ముఖం చూడకుండా బల్లలు తుడిచేవాడు. శనివారం ఉదయం స్ఫటికాన్ని దారం నుంచి వేరుచేసి, పొడిసీసాలో పెట్టి మూత బిగిస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"వద్దు మేడమ్. నాను తప్పు సేసినాను, మీ సదువు పాడవకూడదు. బావ పడుకున్నప్పుడు ఉంగరం లాగేత్తాను."

"లాగేస్తే మందులు మింగుతాడా?" అన్నాను. అతను సీసా అందుకుని సంచిలో పెట్టాడు. ఇద్దరం బస్సెక్కాం.

ఈసారి వాకిట్లో జనం ఎక్కువగా ఉన్నారు. కంసాలి కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఎత్తుపీట మీద పెద్ద గాజుజాడీ పెట్టి, నిండా నీళ్ళు పోసి, చేతి తొడుగులు వేసుకున్నాను. స్ఫటికాన్ని ఎండలోకి ఎత్తి అందరికీ చూపించాను. ఆ వెలుగులో అది ఎంత బాగుందంటే ఒక్క క్షణం నాకే అది గోమేధికమనిపించింది. కంసాలి గుటక మింగడం స్పష్టంగా కనిపించింది.

నీళ్ళలో వదిలాను. అడుగుకు చేరి, అలాగే మెరుస్తూ కూర్చుంది.

"సూసినారా! అన్నీ ఒకటి కావు," అన్నాడు బైరాగి. జనంలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. పార్వతి అందరికీ టీ ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని తాగలేక కూర్చున్నాను. పెద్ద స్ఫటికం కాబట్టి ఆలస్యమవుతుందని తెలుసు. తెలిసినా, ఆ కాసేపూ నా రసాయనశాస్త్రం మీద నాకు నమ్మకం సడలింది. ఇంతకంటే విచిత్రమేమిటంటే, అది కరగకపోతే బాగుండునని కూడా లోలోపల అనిపించింది.

టీ చల్లారేలోగా మూలలు పాలిపోయాయి. తర్వాత స్ఫటికం పలకల మీద మంచు పట్టినట్టు తెల్లని పొర వచ్చింది. పొర చిట్లి, పొడి రాలి, నీళ్ళలోకి పొగలా లేచింది. చప్పట్లు కొట్టినవాళ్ళు జాడీ దగ్గరికి జరిగారు. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి జాడీలో ఉన్నది తడిసిన సున్నపుగడ్డ. కంసాలి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయాడు.

బైరాగి మంచం దిగి, మెల్లగా నడిచి జాడీ దగ్గరికి వచ్చాడు. వంగి అడుగున మిగిలిన గడ్డను చూశాడు.

"అన్నే ఇలగైపోతే తమ్ముడేటి నిలబడతాడు," అన్నాడు. వేలి ఉబ్బుకు ఉంగరం రాలేదు. పార్వతి సబ్బు తెచ్చింది. నేను ఆ నీళ్ళను కూడా పట్టి ఉంచమన్నాను. ఉంగరం ఊడాక నా చేతి తొడుగులో పెట్టి, నా వైపు చూసి నవ్వాడు.

"మీ రాయి కరిగిపోనాది గాని నా రోగం కరగనేదమ్మా. ఇప్పుడేటి సెయ్యమంటారు?"

"సోమవారం ఆస్పత్రికి వెళ్దాం. నేనూ వస్తాను," అన్నాను.

"పాపం, మీకింక పండించడానికి రాళ్ళు నేవు గదా. ఏరే పనేటున్నాది. పదండి," అన్నాడు.

జాడీలోని నీటిని, తెల్లపొడిని గట్టి మూత ఉన్న డబ్బాలో పోసుకుని కళాశాలకు తెచ్చాను. సీసపు వ్యర్థాన్ని నేలమీద పారబోయకూడదు. సోమవారం శ్రీకాకుళం ఆస్పత్రిలో డాక్టరుకు ఉంగరం కథ మొత్తం చెప్పాను. రక్తపరీక్షలు చేయించారు. సీసం ప్రమాదకర స్థాయికి చేరలేదన్నారు. అయితే మందులు మానేసినందుకు కిడ్నీలు ఇంకొంచెం వెనక్కి వెళ్ళాయన్నారు. ఆ రోజు నుంచి మానకుండా వెళ్ళాడు. ఆ తర్వాత కొన్నేళ్ళు తోట పనులు చూసుకునేంత బాగానే ఉన్నాడు. చివరికి డయాలసిస్ దాకా వెళ్ళింది. నాకు మళ్ళీ బదిలీ అయ్యాక, ఒకరోజు సింహాచలం ఫోన్ చేసి పోయాడని చెప్పాడు.

ఇక ఉంగరం సంగతి. దాన్ని సింహాచలమే లక్క వేడిచేసి ఊడదీశాడు. పైన తెల్లపొరను పొడిగా, మెల్లగా అరగదీస్తే లోపలంతా చెక్కుచెదరని నారింజరంగు. కొలతకు సరిపోయేంత పొడవు లేదు. అయినా అంతకుమించి గతిలేక దాన్నే చిన్న కడ్డీగా కోసి బెంగళూరు పట్టుకెళ్ళాను. అక్కడివాళ్ళు పెదవి విరిచి, అయినా పరికరానికి తగిలించారు. అనుకున్నట్టే వేడి అందులో నత్తనడక నడిచింది. గాజులో కంటే కూడా మెల్లగా. నమూనా చిన్నది కాబట్టి ఫలితంలో దోషపు అవకాశం ఎక్కువ చూపాల్సి వచ్చింది.

థీసిస్ పరీక్షలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. ఇంత చిన్న నమూనా ఎందుకు ఎంచుకున్నారని అడిగారు. పెద్దది ఉండేదని, నీళ్ళలో కరిగించానని చెప్పాను. ఎందుకని అడిగారు. గైడు గారు బల్ల మీది కాగితాల్లోకి తలవంచారు. కరుగుతుందని ఒకరికి నమ్మకం కలిగించడానికని చెప్పాను. ప్రొఫెసర్ తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. పట్టా వచ్చింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. మొదటిరోజు చిన్న ముక్కలతో నేను చేసింది శాస్త్రీయంగా పూర్తి రుజువే. పెద్ద స్ఫటికం దానికి కొత్తగా చేర్చిందేమీ లేదు. అయినా మొదటిది ఎవరినీ కదిలించలేదు, ఎందుకంటే ఆ పరీక్షను ఎంచుకున్నది నేను. రెండో పరీక్ష షరతు బైరాగి పెట్టాడు, కాబట్టి దాని తీర్పుకు కట్టుబడ్డాడు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ప్రాక్టికల్ క్లాసులో పరికరం ముట్టుకునే ముందు ప్రతి విద్యార్థినీ ఒక ప్రశ్న అడిగేదాన్ని: ఏం కనిపిస్తే నువ్వు అనుకున్నది తప్పని ఒప్పుకుంటావు? సమాధానం చెప్పలేనివాళ్ళకు ఆ రోజు ప్రయోగం ఇచ్చేదాన్ని కాదు.